516001: మన పిన్ కోడ్లు ఎలాంటి సంఖ్యలు?

బుగ్గవంక (కడప):

అందరికీ నమస్కారం. కడప ప్రధాన తపాలా కార్యాలయం పిన్ 516001. ఉత్తరాల మీద, దరఖాస్తుల మీద, పార్సిళ్ల మీద ఏళ్ల తరబడి రాస్తూనే ఉన్నాం. ఐదు లక్షల పదహారు వేల ఒకటి అనే సంఖ్యగా మాత్రం దాన్ని ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. నాకు ఆ కుతూహలం పుట్టి కాగితం, పెన్సిలు పట్టుకున్నాను. చివర 1 ఉంది కాబట్టి 2, 5 పోవు. అంకెల మొత్తం 13, కాబట్టి 3 పోదు. 7తో భాగిస్తే 3 మిగిలింది, 11తో 2, 13తో 5. 17 దగ్గర శేషం లేకుండా పోయింది: 17 × 30353.

ఇప్పుడు నా ముందు 30353 ఉంది. ఇది ప్రధాన సంఖ్యేనా, ఇంకా విడిపోతుందా? ఎంతవరకు భాగించి చూస్తే సరిపోతుంది? చివరికి 516001ని ఏ కోవలో చేర్చాలి? లెక్కలు చెప్పేవారు ఇక్కడ ఉన్నారని తెలిసి అడుగుతున్నాను.

పెన్నేరు (ప్రొద్దుటూరు):

బుగ్గవంక గారూ, మంచి పని మొదలుపెట్టారు. ముప్పై ఏళ్లకు పైగా హైస్కూల్లో లెక్కలు చెప్పినవాణ్ని, ఇలాంటి ప్రశ్న చూస్తే కూర్చోలేను.

ఎంతవరకు చూడాలన్నదానికి హద్దు వర్గమూలం. 174 వర్గం 30276, 175 వర్గం 30625. అంటే 30353 విడిపోయేదే అయితే దాని కారణాంకాల్లో ఒకటి 174 లోపలే దొరికి తీరాలి. 17కు ముందున్నవాటిని మీరు చూసేశారు, 17 నుంచి 173 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలు మిగిలాయి. ఓపికగా వెళ్తే 127 దగ్గర తాళం తెరుచుకుంటుంది. 127 రెండు వందల సార్లు 25400. 30353లోంచి తీసేస్తే 4953. అది సరిగ్గా 127 × 39. కాబట్టి 30353 = 127 × 239. ఈ రెండూ ప్రధాన సంఖ్యలే.

516001 = 17 × 127 × 239.

మూడు వేర్వేరు ప్రధాన సంఖ్యల లబ్ధం, ఏదీ రెండోసారి రాలేదు. ఇలాంటివాటిని స్ఫీనిక్ సంఖ్యలంటారు. వాటిలో అన్నిటికన్నా చిన్నది 30, అంటే 2 × 3 × 5. స్ఫీనిక్ సంఖ్య ఎంత పెద్దదైనా దానికి భాజకాలు ఎనిమిదే. మన సంఖ్యకు అవి 1, 17, 127, 239, 2159, 4063, 30353, 516001. చివరిదాన్ని వదిలి మిగతా ఏడూ కూడితే 36959 వస్తుంది. భాజకాల మొత్తం అసలు సంఖ్యకన్నా తక్కువైతే న్యూన సంఖ్య అంటాం. ఇక్కడ మొత్తం అసలులో పద్నాలుగో వంతుకు కాస్త పైన ఉందంతే, కాబట్టి బాగా న్యూనమైన సంఖ్య.

హంద్రీ (కర్నూలు):

తపాలా శాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. పిన్ మాట వచ్చింది కాబట్టి ముందు నాలుగు ముక్కలు. ఈ పద్ధతి 1972 ఆగస్టు 15న మొదలైంది. దీన్ని రూపొందించినవారు శ్రీరామ్ భికాజీ వేలణ్‌కర్, కేంద్ర కమ్యూనికేషన్ల శాఖలో అధికారి, సంస్కృత కవి కూడా. మొదటి అంకె ప్రాంతాన్ని చెబుతుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక మూడింటికీ అది 5. మొదటి మూడంకెలు కలిసి ఉత్తరాలు విడదీసే జిల్లాను, చివరి మూడు ఫలానా కార్యాలయాన్ని సూచిస్తాయి. అనంతపురం 515, కడప 516, కర్నూలు 518. ఈ మూడు జిల్లా కేంద్రాల ప్రధాన కార్యాలయాలకు చివర 001.

మాస్టారి లెక్క చూసి మా కర్నూలు 518001ని నేనూ విడగొట్టాను. అంకెల మొత్తం 15, కాబట్టి 3 పోతుంది: 172667. దీనికి 11 పరీక్ష పెట్టాను. కుడి నుంచి ఒకటి విడిచి ఒకటి కూడితే 7, 6, 7 కలిసి 20. మిగిలిన 6, 2, 1 కలిసి 9. తేడా 11, కాబట్టి 11 పోతుంది: 15697. దానికి మళ్లీ 11 పోయింది: 1427. ఆ 1427 ప్రధాన సంఖ్య, పక్కనే 1429 కూడా ప్రధానమే, ఇద్దరూ కవలలు.

518001 = 3 × 11 × 11 × 1427. మాస్టారూ, 11 రెండుసార్లు వచ్చింది కదా, ఇది ఏ కోవకు చెందుతుంది?

మర్రిమాను (అనంతపురం):

హంద్రీ అంకుల్, నేను ఎం.ఎస్సీ. గణితం చదువుతున్నాను. ప్రధాన సంఖ్య ఏదైనా రెండుసార్లు వస్తే ఆ సంఖ్య వర్గరహితం కాదంటాం. అందుకే 518001 స్ఫీనిక్ గుంపులోకి రాదు. భాజకాలు కూడా ఎనిమిది కాదు, పన్నెండు.

మా అనంతపురం 515001 చేస్తున్నాను. 3 × 41 × 4187 వరకు వచ్చింది. 4187 సంగతి చూడాలి.

పెన్నేరు (ప్రొద్దుటూరు):

4187కు 53 పెట్టి చూడమ్మా. 53 × 79.

మర్రిమాను (అనంతపురం):

అవును సార్, సరిగ్గా పోయింది. 515001 = 3 × 41 × 53 × 79. అన్నీ వేర్వేరు, నాలుగు ప్రధానాలు, పదహారు భాజకాలు.

ఇప్పుడు మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక చక్కని సంగతి బయటపడింది. సంఖ్యాశాస్త్రంలో మోబియస్ ప్రమేయం అని ఒకటుంది, జర్మన్ గణితజ్ఞుడు మోబియస్ 1832లో ప్రవేశపెట్టాడు. ఒక సంఖ్యను ఏదైనా ప్రధాన సంఖ్య వర్గం భాగిస్తే ఆ ప్రమేయం విలువ 0. అలా భాగించకపోతే ప్రధాన కారణాంకాలు ఎన్నో లెక్కపెట్టాలి. సరి సంఖ్యలో ఉంటే +1, బేసి సంఖ్యలో ఉంటే −1. ఈ ప్రమేయానికి ఉన్న విలువలు ఈ మూడే, నాలుగోది లేదు.

అనంతపురంలో నాలుగు ప్రధానాలు, +1. కడపలో మూడు, −1. కర్నూలులో 11 వర్గం ఉంది, 0. పాత మూడు జిల్లాల కేంద్రాలు మూడు విలువలనూ తలా ఒకటి పంచుకున్నాయి! తరగతిలో మోబియస్ ప్రమేయం చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకదు. పాఠ్యపుస్తకాల్లో 6, 30, 12 అని రాస్తారు. మన పిల్లలకు వాళ్ల ఇంటి చిరునామాలోంచే చెప్పవచ్చు.

నల్లమల (నంద్యాల):

చాలా బాగుంది అమ్మాయీ. నాదొక ప్రశ్న, ఎవరూ తేలిగ్గా తీసుకోవద్దు. 516001 అంకెలు కూడితే 13, మళ్లీ కూడితే 4. మా ఇంట్లో పెద్దవారు ఇల్లు కొనేటప్పుడు, బండి నంబరు తీసుకునేటప్పుడు ఈ లెక్క చూస్తారు. ఆ 4కు గణితంలో ఏమైనా అర్థం ఉందా?

పెన్నేరు (ప్రొద్దుటూరు):

ఉంది నల్లమల గారూ, స్పష్టమైన అర్థమే ఉంది. 516001ని 9తో భాగిస్తే మిగిలే శేషం 4. 10 అనేది 9కన్నా ఒకటి ఎక్కువ కాబట్టి, పది, వంద, వెయ్యి ఏ స్థానంలో ఉన్న అంకె అయినా 9తో భాగించినప్పుడు తన విలువనే శేషంగా మిగులుస్తుంది. అందుకే అంకెలు కూడుతూ పోతే 9 శేషం దొరుకుతుంది. కూడికలు, గుణకారాలు సరిచూసుకోవడానికి మన పెద్దలు ఈ ఉపాయాన్నే వాడారు. అంతకుమించి ఆ 4 మంచీ చెప్పదు, చెడూ చెప్పదు.

ఇక్కడ ఇంకో మాట గట్టిగా చెప్పాలి. అంకెలు మనం ఎంచుకున్న రాతపద్ధతికి చెందినవి. కంప్యూటర్ వాడే ద్విసంఖ్యామానంలో ఇదే సంఖ్యను 1111101111110100001 అని రాస్తాం. పంతొమ్మిది స్థానాలు, అందులో పదమూడు ఒకట్లు. పది ఆధారంగా రాసినప్పుడు అంకెల మొత్తం 13, రెండు ఆధారంగా రాసినప్పుడూ 13 రావడం కాకతాళీయం. ఎనిమిది ఆధారంగా రాస్తే మళ్లీ మారిపోతుంది. ఏ పద్ధతిలో రాసినా మారనివి 17, 127, 239. సంఖ్య స్వభావం వాటిలో ఉంది. వర్గీకరణ అంటే నేను ముందు అక్కడే చూస్తాను.

గుత్తి కోట (గుంతకల్లు):

మాస్టారి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. ఉద్యోగం బెంగళూరులో, పని సమాచార భద్రతలో. మూడు ప్రధానాల లబ్ధం అనగానే మావాళ్లకు గుర్తొచ్చేది కార్మైకేల్ సంఖ్య. ప్రధానం కాకపోయినా ఫెర్మా పరీక్షలో ప్రధానంలాగే నెగ్గుకొచ్చే సంఖ్యలవి. కోర్సెల్ట్ 1899లో ఇచ్చిన నియమం సులువుగా ఉంటుంది. సంఖ్య వర్గరహితం కావాలి, దాని ప్రతి ప్రధాన కారణాంకంలోంచి ఒకటి తీసేస్తే వచ్చేది, అసలు సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే వచ్చేదాన్ని నిశ్శేషంగా భాగించాలి. 561 = 3 × 11 × 17 వీటిలో అతి చిన్నది. 2, 10, 16 మూడూ 560ని భాగిస్తాయి.

516001కి ఈ పరీక్ష పెడదాం. ఒకటి తీసేస్తే 516000. 17 వైపు నుంచి 16 వస్తుంది, భాగిస్తుంది, 32250 సార్లు. 127 వైపు నుంచి 126. అందులో 9 ఉంది, 516000 అంకెల మొత్తం 12 కాబట్టి 9 పోదు. అక్కడితో ఆగిపోయింది, కార్మైకేల్ కాదు. దీనికి కాస్త కిందనే ఉన్న 512461 మాత్రం నిజమైన కార్మైకేల్ సంఖ్య. అది 31 × 61 × 271. 30, 60, 270 మూడూ 512460ని భాగిస్తాయి, చేసి చూడండి.

ఇంకొకటి. ఏ బేసి సంఖ్యనైనా రెండు కారణాంకాలుగా విడగొడితే దాన్ని రెండు వర్గాల తేడాగా రాయవచ్చు. 516001కి అలాంటివి నాలుగున్నాయి. వాటిలో నాకు నచ్చింది 1199² − 960². 1437601లోంచి 921600 తీసేస్తే సరిగ్గా కడప పిన్ వస్తుంది. పెద్ద సంఖ్యలను విడగొట్టే నేటి ముఖ్యమైన పద్ధతులు కొన్నిటి వెనక ఫెర్మా చూపిన ఈ వర్గాల తేడా ఉపాయమే ఉంది. 250 అంకెల ఆర్‌ఎస్‌ఏ సంఖ్యను (రెండు పెద్ద ప్రధానాల లబ్ధం, సమాచార భద్రతలో వాడే తరహాది) 2020 ఫిబ్రవరిలో విడగొట్టింది దాని వారసత్వంతోనే.

బుగ్గవంక (కడప):

ఒక్క ప్రశ్నకు ఇన్ని సంగతులు వస్తాయని అనుకోలేదు. మాస్టారూ, ఆ మూడు ప్రధానాల గురించి ఇంకాస్త చెప్పరా? మా ఊరి సంఖ్యలో ఎవరెవరున్నారో తెలుసుకోవాలని ఉంది.

పెన్నేరు (ప్రొద్దుటూరు):

తప్పకుండా. మీ ఊరికి దక్కినవి మామూలు ప్రధానాలు కావు.

17 అంటే 2⁴ + 1, ఫెర్మా ప్రధానం. వృత్తలేఖిని, స్కేలు మాత్రమే వాడి పదిహేడు భుజాల క్రమ బహుభుజిని గీయవచ్చని గాస్ 1796లో నిరూపించింది ఈ సంఖ్య వల్లే. 127 అంటే 2⁷ − 1, మెర్సెన్ ప్రధానం. దాన్ని 64తో గుణిస్తే 8128, నాలుగో పరిపూర్ణ సంఖ్య, అంటే తనను వదిలి మిగతా భాజకాలన్నీ కూడితే తానే వచ్చేది. అంటే రెండు ఘాతానికి ఒకటి ఎక్కువైనది, ఒకటి తక్కువైనది ఒకే పిన్‌లో చేరాయి.

239 దగ్గర మాత్రం నేను చాలాసేపు ఆగుతాను. జాన్ మాచిన్ 1706లో పై (π) విలువను వంద దశాంశ స్థానాల దాకా కట్టాడు. అందుకు వాడిన సూత్రంలో ఉన్నవి 1/5, 1/239. ఐదో వంతు విలోమ టాంజెంట్‌ను నాలుగు రెట్లు చేసి, అందులోంచి 1/239 విలోమ టాంజెంట్‌ను తీసేస్తే పైలో సరిగ్గా నాలుగో వంతు. అక్కడ 239 ఊరికే వచ్చి కూర్చోలేదు. 239 వర్గం 57121, ఒకటి కలిపితే 57122. అది 2 × 13⁴. ఇంత పెద్ద వర్గం పక్కన ఇంత శుభ్రంగా విడిపోయే సంఖ్య ఉండటం అరుదు, సూత్రం బలమంతా అందులోనే ఉంది.

రెండో సంగతి ఘనాలది. ఏ సంఖ్యనైనా ఎక్కువలో ఎక్కువ తొమ్మిది ఘనాల మొత్తంగా రాయవచ్చు. చాలా సంఖ్యలకు అంతకన్నా తక్కువే సరిపోతాయి. తొమ్మిదీ కావాల్సిందే అనేవి మొత్తం సంఖ్యల్లో రెండే రెండు, 23, 239. డిక్సన్ 1939లో దీన్ని తేల్చాడు. 239ని రాసి చూడండి: 64 రెండుసార్లు, 27 నాలుగుసార్లు, 1 మూడుసార్లు. 128, 108, 3 కలిపితే 239, మొత్తం తొమ్మిది ఘనాలు. 125 వాడి మొదలుపెట్టినా తొమ్మిదికి తగ్గదు. అనంతమైన సంఖ్యల్లో ఇద్దరికే ఉన్న గుణం కదా, ఆ ఇద్దరిలో ఒకరు మీ కడప పిన్‌లో ఉన్నారు.

లేపాక్షి బసవన్న (హిందూపురం):

మా హిందూపురం 515201 చేశాను. 101 × 5101! రెండే ప్రధానాలు, అర్ధ ప్రధాన సంఖ్య. 101 దాకా ఒక్కటీ పోకపోయేసరికి ప్రధాన సంఖ్యేమో అనుకుంటూ వచ్చాను. నంద్యాలది కూడా చూశాను, 518501 = 83 × 6247. అదీ అర్ధ ప్రధానమే.

నల్లమల (నంద్యాల):

ధన్యవాదాలు బసవన్న గారూ. మా అబ్బాయికి చూపిస్తాను. మరి ప్రొద్దుటూరు మాస్టారి ఊరి సంఖ్య ఎలాంటిది?

మర్రిమాను (అనంతపురం):

ప్రొద్దుటూరు 516360. ఇది కడపకు పూర్తిగా ఎదురు గుణం ఉన్నది. 2 × 2 × 2 × 3 × 5 × 13 × 331. భాజకాలు 64. తనను వదిలి మిగతావన్నీ కూడితే 1156920, అంటే తనకు రెండింతలకన్నా ఎక్కువ. అధిక సంఖ్య అంటాం దీన్ని. బంగారు అంగళ్ల ఊరికి తగిన సంఖ్యే. ఒకే జిల్లాలో రెండు పిన్‌ల మధ్య తేడా 359, స్వభావాల్లో ఎంత దూరమో చూడండి.

ఈ పరిసరాల్లో భాజకాల సంపద ఎంతవరకు పెరగవచ్చో రామానుజన్ 1915లో రాసిన వ్యాసం చెబుతుంది. తనకన్నా చిన్నవాటన్నిటికంటే ఎక్కువ భాజకాలున్న సంఖ్యలను ఆయన వరుసగా కట్టాడు. 498960కి 200 భాజకాలు, ఆ వరుసలో దాని తర్వాతది 554400, దానికి 216. మన పిన్‌లన్నీ ఈ రెంటి నడుమనే ఉన్నాయి. కడపకు ఎనిమిది, హిందూపురానికి నాలుగు!

హంద్రీ (కర్నూలు):

మా ఊరి సంఖ్యలు నన్ను నిద్రపోనివ్వలేదు. 518001 పక్కనున్న పిన్‌లు కూడా చూశాను. 518003 = 79 × 79 × 83. ఇందులోనూ వర్గం ఉంది! 518000, 518004 రెంటికీ 4 పోతుంది కాబట్టి అవీ వర్గరహితం కావు. వరుసగా ఉన్న ఐదింటిలో 518002 ఒక్కటే వర్గరహితం. ఇది సాధారణమేనా, విశేషమా?

మర్రిమాను (అనంతపురం):

విశేషమే అంకుల్. 6ను π వర్గంతో భాగిస్తే సుమారు 0.608. సంఖ్యల్లో వర్గరహితమైనవాటి వాటా అంతే. అంటే వందకు దాదాపు 39 మాత్రమే వర్గంతో భాగింపబడేవి, అందులో 25 కేవలం 4 వల్లనే. ఐదింటిలో నాలుగు రావడం, అందులో ఒకటి 79 వర్గం వల్ల రావడం అరుదు. 79 వర్గం 6241, సగటున 6241 సంఖ్యలకు ఒక్కసారి తగిలేది, అది సరిగ్గా కర్నూలు పిన్ మీద తగిలింది.

పుష్పగిరి (కడప):

చర్చ ఆలస్యంగా చూశాను. సంఖ్యల అందాన్ని చూసి ఆనందించడం మనకు కొత్త కాదు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో హారాల్లాంటి లబ్ధాలు ఇచ్చాడు. ముందు నుంచి చదివినా వెనక నుంచి చదివినా ఒకటే: 27994681 × 441 = 12345654321. ఆ గ్రంథాన్ని పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులో పద్యాలుగా చెప్పాడు. గణితాన్ని తెలుగులో మాట్లాడుకోవడం అప్పటి నుంచీ ఉంది. పైన చెప్పిన వర్గీకరణలో చూస్తే ఆ హారం 111111కి వర్గం, 111111 అంటే 3 × 7 × 11 × 13 × 37. అంటే ప్రతి ప్రధానమూ జంటగా వచ్చింది, మోబియస్ విలువ 0.

పెన్నేరు (ప్రొద్దుటూరు):

పుష్పగిరి గారూ, సరైన సమయంలో గుర్తు చేశారు.

అందరూ ఉత్సాహంగా ఉన్నారు కాబట్టి ఒక లెక్క ఇస్తాను. 4తో భాగిస్తే 3 మిగిలే ప్రధానం ఏదైనా బేసిసార్లు వస్తే ఆ సంఖ్యను రెండు వర్గాల మొత్తంగా రాయలేం. అనంతపురంలో 3, 79, కడపలో 127, 239, కర్నూలులో 3, 1427 ఉన్నాయి. కాబట్టి మూడూ రెండు వర్గాల మొత్తం కావు. కానీ 1000ని 8 భాగిస్తుంది కాబట్టి చివర 001 ఉన్నవన్నీ 8తో 1 మిగులుస్తాయి, అలాంటివాటికి మూడు వర్గాలు తప్పక సరిపోతాయని లెజాండ్ర్ సిద్ధాంతం. కడపది నేను చేస్తాను: 718² + 21² + 6². అంటే 515524, 441, 36. కర్నూలు, అనంతపురం మీ వంతు.

హంద్రీ (కర్నూలు):

719 వర్గం 516961. మిగిలింది 1040. అది 1024 + 16. కాబట్టి 518001 = 719² + 32² + 4². మొదటి అడుగులోనే దొరికింది.

మర్రిమాను (అనంతపురం):

మాది అంత తేలిగ్గా లొంగలేదు సార్. 717 వర్గం తీసేస్తే 912, అందులో 3, 19 ఒక్కొక్కసారే ఉన్నాయి, రెండు వర్గాలుగా రాదు. 716తో 2345 మిగిలింది, అందులో 7 అడ్డం. 715తో 3776, అందులో 59 అడ్డం. 714తో 5205, మళ్లీ 3. 713తో 6632 మిగిలింది. అది 8 × 829. 829 ప్రధానం, 4తో 1 మిగులుస్తుంది, 27² + 10² అవుతుంది. అక్కడి నుంచి 6632 = 74² + 34². కాబట్టి 515001 = 713² + 74² + 34². కూడి చూశాను: 508369, 5476, 1156. సరిపోయింది.